సంపంగోళ్ళ ఇల్లు

1. సోమవారం

తలపోటు ఎప్పుడు మొదలవుతోందో, ఎప్పుడు తగ్గుతోందో రోజూ రాసి తీసుకురమ్మంది డాక్టరమ్మ. అందుకని ఈ రాత. ఇవాళ్టి సంగతి: పుట్టగొడుగుల మడుల్లో పని చేసినంతసేపూ తల తేలిగ్గా ఉంది. మా సందు మొదటికి రాగానే కణతలు లాగాయి. ఇంట్లో అడుగు పెట్టగానే తుమ్ములు. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేముందో మరి. నాకు తెలిసిందే ఆవిడకి రాసి చూపించాలి, అంతే.

మా గోడకి అత్తరు డబ్బా ఉంది. అందరి గోడలకీ ఉంటుంది. మాది సంపంగి. అసలు సంపంగి ఎలా ఉంటుందో నేను చూడలేదు, మా అమ్మ కూడా చూడలేదు. పైన ఎండకి తాళలేక మనుషులు నేల కిందికి దిగినప్పుడు పువ్వులు పైనే ఉండిపోయాయి. డబ్బాలోంచి వచ్చేది మాత్రం పంచదార పాకంలో సబ్బు వేసి మరిగించినట్టుంటుంది. అన్నం నోట్లో పెట్టుకుంటే సంపంగి. మంచినీళ్ళు తాగితే సంపంగి. తలగడ సంపంగి, తువ్వాలు సంపంగి. ఆవలిస్తే నాలుక మీద కూడా అదే.

మడుల్లో ఏ అత్తరూ ఉండనివ్వరు. పుట్టగొడుగులు పీల్చేసుకుంటాయట. రోజంతా తడి గడ్డి మధ్య తిరిగిన ముక్కులో ఇంటికొచ్చేసరికి ఎవరో గుడ్డలు కుక్కినట్టుంటుంది. ఈ మాటంటే మా ఆయన త్రినాథ్ పడీ పడీ నవ్వుతారు.

"పేరేమో వకుళ. పువ్వంటే పడదు. మీవాళ్ళు నీకు గడ్డి అని పెట్టుంటే సరిపోను."

2. బుధవారం

కరెంటు పొదుపని మా సందులో దీపాలు మసక మసకగా వెలిగిస్తారు. తలుపులన్నీ ఒకే రంగు, ఒకే కొలత. నంబర్లున్నాయి గానీ మొహం ఆనించి చూస్తే తప్ప కనిపించవు. ముక్కుని బట్టే నడక. కాఫీవాళ్ళు, నారింజోళ్ళు, గంధంవాళ్ళు. మేం సంపంగోళ్ళం. మా అసలు ఇంటిపేరు అడిగితే సందులో ఎవరూ చెప్పలేరు.

పిల్లల బడి ఆయా గున్నమ్మ సాయంత్రం పిల్లల్ని సందు మొదట్లో వదిలేస్తుంది. ఎవరి గుమ్మం వాళ్ళే వెతుక్కోవాలి. ఇక్కడి పద్ధతి అది. మా నీలుకి నాలుగేళ్ళు. ముక్కు పైకెత్తుకుని పరుగెత్తుకొస్తుంది. నేను తలుపు తీయగానే నా చీర కుచ్చిళ్ళలో మొహం దూర్చి "అమ్మ వాసన" అంటుంది.

అది నా వాసన కాదే పిచ్చిదానా, డబ్బా వాసన అని చెప్పాలనిపించింది ఇవాళ. చెప్పలేదు. తల పగిలిపోతోంది.

3. శుక్రవారం

అత్తర్ల ఆఫీసుకి వెళ్ళి మా డబ్బా కట్టేయమన్నాను. గుమస్తా తలెత్తి చూశాడు.

"కట్టేస్తే సంపంగి వదులుకున్నట్టేనమ్మా. దానికోసం చాలామంది కాచుక్కూచున్నారు. మళ్ళీ కావాలంటే దొరకదు."

"వద్దు బాబూ, మళ్ళీ అడగను."

"పోనీ, బదులు ఏదిమ్మంటారు? మొగలి ఉంది. కొత్తిమీర కూడా వచ్చింది కొత్తగా."

"ఏదీ వద్దు."

గుమస్తా కలం పైకెత్తాడు. "ఏదీ వద్దంటే మిమ్మల్ని ఏమని రాసుకోవాలి?"

"ఏమీ రాసుకోకండి" అని బొటనవేలు ఆనించి వచ్చేశాను. మా ఆయనకి ముందే చెప్పాను. నీ తలపోటు తగ్గితే అదే పదివేలు, నాకు ఏ వాసనైనా ఒకటే అన్నారు. నీటి పంపుల దగ్గర గ్రీజులో పనిచేసే మనిషి, నిజంగానే ఒకటే అయ్యుంటుంది.

4. శనివారం

డబ్బా ఆగింది. పొయ్యి మీంచి పప్పు దించుతుంటే పప్పు వాసన వచ్చింది. ఎంత సంతోషమేసిందంటే, గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తుమ్ములు లేవు. కణతలు ఊరుకున్నాయి. డాక్టరమ్మకి చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

నీలు మాత్రం వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. "నాన్నా, ఎవరిల్లిది?" అంది. ఇద్దరం నవ్వాం. మనిల్లే రా అని లోపలికి లాక్కొచ్చాను. దాని బొమ్మలు, దాని పీట, దాని కంచం అన్నీ ఒక్కొక్కటే ముట్టుకుని చూసింది. అన్నీ దానివే. అయినా చెప్పులు విప్పలేదు.

5. మంగళవారం

సాయంత్రం నీలు రాలేదు.

సందు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పిలుచుకుంటూ తిరిగాను.  గంధంవాళ్ళ తలుపు దాటాక ఎక్కడినుంచో గుప్పున సంపంగి కొట్టింది. పాత అలవాటున మా ఇంటికొచ్చేశాననుకుని తలుపు తోశాను. లోపల ఎవరో నడివయసావిడ కుట్టు మిషను ముందు కూచునుంది. ఆవిడ పక్కన పీట మీద మా నీలు బొరుగులు తింటోంది.

"మీ పాపేనా?" అంటూ ఆవిడ లేచింది. "తలుపు తీసేసరికి లోపలికొచ్చీసి, చెప్పులిప్పీసి కూచుందమ్మా. ఎవరమ్మాయివే అంటే నవ్వుతాది. ఆకలేస్తందేమో అని ఇవి పెట్టాను."

పేరు ఎస్తేరు. ఇన్నాళ్ళూ ఆమె గుమ్మానికి నిమ్మ. సంపంగి ఖాళీ అయిందని మొన్ననే ఇచ్చారట. ఖాళీ అయిందంటే మేమే కదా! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీలుని ఎత్తుకుంటే గింజుకుంది.

6. మళ్ళీ శుక్రవారం

రోజూ ఇదే తంతు. గున్నమ్మ వదలడం, ఇది తిన్నగా ఎస్తేరు ఇంట్లో దూరడం, నేను వెళ్ళి లాక్కురావడం. ఇవాళ ఇంకా బాగుంది. పని నుంచి అలిసిపోయి వచ్చిన మా ఆయన కూడా ఎస్తేరు ఇంటికే వెళ్ళారు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, "కాఫీ పెట్టేశావా?" అని అడిగారట.

"కాఫీ ఇచ్చింది" అన్నారు ఇంటికొచ్చి, తల దించుకుని.

"తాగారా?"

"ఇచ్చాక తాగకపోతే బాగోదు కదా."

నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. తలపోటు లేదు. అది ఒక్కటే ఈ పేజీలో డాక్టరమ్మకి పనికొచ్చే మాట.

7. ఆదివారం

గంధంవాళ్ళింట్లో బారసాల. సందంతటికీ పిలుపులొచ్చాయి, మాకు తప్ప. అడిగితే గంధంవాళ్ళ ముసలాయన పాపం నొచ్చుకున్నాడు. "సంపంగోళ్ళని పిలిచి రమ్మన్నానమ్మా" అన్నాడు. ఎస్తేరు వెళ్ళొచ్చిందట. మమ్మల్ని ఏమని పిలవాలో ఆయనకి తోచలేదు. ఆలోచిస్తే నాకూ తోచలేదు.

మధ్యాహ్నం నీలుకి అన్నం కలిపి ముద్ద పెడుతుంటే నా మొహంలోకి అలాగే చూసింది.

"నువ్వు అమ్మ మొహం పెట్టుకున్నావు" అంది.

"అమ్మనే కదే."

"కాదు. మొహమే అమ్మది."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. నాలుగేళ్ళ పిల్ల మాటకి ఇంత భయం వేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. నవమాసాలు మోసింది నేనే, పాలిచ్చింది నేనే, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగింది నేనే. ఇన్నాళ్ళూ అది పట్టుకుని పడుకున్నది నన్నా, ఆ డబ్బానా? ఎటు ఆలోచించినా అర్థం కావడం లేదు. మా ఆయన్ని అడిగితే "చిన్నపిల్ల, మర్చిపోతుందిలే" అన్నారు. దేన్ని మర్చిపోతుందో చెప్పలేదు.

8. ఇంకో వారం గడిచాక, బుధవారం

రోజూ మా గుమ్మానికొచ్చే నీలు వంతు పాలు రాలేదు. డిపోలో అడిగితే, గున్నమ్మ రాసిచ్చినట్టే ఎస్తేరు గుమ్మానికి పంపుతున్నాం అన్నారు. పరుగెత్తుకెళ్ళి గున్నమ్మని పట్టుకున్నాను.

"నానేటి సేత్తానమ్మా?" అంది గున్నమ్మ. "పిల్ల ఏ గుమ్మం ఎక్కితే పాలు ఆ గుమ్మానికి రాయమని నాకు సెప్పినారు. నెలాఖరికి పెద్ద లెక్క రాత్తారు. అప్పటికీ ఇలాగే ఉంటే పాప ఆ ఇంటి పిల్లే అయిపోద్ది. ముందే సెప్తన్నాను, తరవాత నన్ననకండి."

"నేను కన్నాను గున్నమ్మా!"

"కన్నది ఆసుపత్రి లెక్కమ్మా. ఇది పాల లెక్క."

అక్కణ్ణుంచి తిన్నగా ఎస్తేరు ఇంటికి వెళ్ళాను. నాలుగు మాటలు అనేసే రావాలనే వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టగానే తుమ్ములు, కళ్ళమ్మట నీళ్ళు. కోపంగా మాట్లాడదామంటే ఆ డబ్బా మాట్లాడనివ్వదు.

"పాపని రానివ్వకు అక్కా" అన్నాను ఎలాగో.

"పొమ్మని ఎలాగంటాను వకుళమ్మా? తలుపు తడతాది, అమ్మా అంటాది." ఎస్తేరు నాకు నీళ్ళ గ్లాసు అందించింది. "నన్ను అమ్మా అన్నోళ్ళు ఎవరూ లేరు ఇంతవరకూ. తప్పే. తెలుస్తంది నాకు."

"అయితే ఆ సంపంగి నాకిచ్చెయ్. నిమ్మ తీసుకో నువ్వు."

ఆవిడ మిషను మీద దుమ్ము లేకపోయినా తుడిచింది. "మా అమ్మున్నప్పుడు మా గుమ్మం సంపంగే. ఆవిడ పోయాక నిమ్మ ఇచ్చీసారు. ఎన్నేళ్ళో కాసుకుంటే ఇప్పుడొచ్చింది. నన్నడక్కమ్మా ఆ ఒక్కటీ."

 నాకు తలపోటు తెచ్చిపెట్టే ఆ సబ్బు పాకమే ఆవిడకి వాళ్ళమ్మ. నేను దాన్ని తిట్టుకోవాలా, ఆవిడ మీద జాలిపడాలా? నీలుని చంకనేసుకుని వచ్చేశాను. అది దారి పొడవునా ఏడ్చింది.

9. శనివారం

సిగ్గు విడిచి రాస్తున్నాను. పంపుల దగ్గర ఒకతను చాటుగా అత్తరు అమ్ముతాడని మా ఆయన చెబితే ఒక సీసా సంపంగి తెప్పించాను. తలపోటు వస్తే రానీ, పిల్ల ముఖ్యం. తలుపుకీ, పరుపుకీ, చీరకీ, జుట్టుకీ చల్లుకున్నాను. గున్నమ్మ పిల్లల్ని వదిలే వేళకి గుమ్మంలో నిలబడ్డాను. కళ్ళు మంటలు, కడుపులో తిప్పడం.

నీలు వచ్చింది! మా గుమ్మం దగ్గరే ఆగింది.  అది ముక్కు నా కొంగుకి ఆనించి రెండుసార్లు పీల్చింది.

"ఇది దొంగ సంపంగి" అంది. అని ఎస్తేరు ఇంటికి వెళ్ళిపోయింది.

నిజం సంపంగి ఏది మరి? గోడ డబ్బాలోదా? అది మాత్రం ఏ చెట్టున పూసింది! నాకు నవ్వు ఆగలేదు, ఆ వెంటనే వాంతి అయింది. సీసా మోరీలో పారబోసి ఇల్లంతా సోడా వేసి కడిగాను.

10. బుధవారం

మూడు రోజులు మంచం దిగలేదు. మా ఆయన జావ కాచి పెట్టారు. అడుగంటింది, అయినా తాగాను. నీలుని ఎస్తేరే తెచ్చి దిగబెట్టి గుమ్మంలోంచే వెళ్ళిపోయింది. అది మంచానికి దూరంగా కూచుని బొమ్మకి జడ వేసింది. మధ్యలో ఒకసారి వచ్చి నా పక్కన పడుకుంది. అమ్మా అనలేదు.  కదిలితే లేచి వెళ్ళిపోతుందేమోనని చెయ్యి తిమ్మిరెక్కినా అలాగే ఉంచాను.

"మళ్ళీ క్యూలో పేరు రాయించనా? సంపంగి కాకపోతే ఏదో ఒకటి" అని అడిగారు మా ఆయన.

"ఏదో ఒకటి అయితే నీలు వస్తుందా?"

"ఏమో."

ఆయనకి తెలీదు, నాకు తెలీదు. నెలాఖరు వచ్చేస్తోంది. నా మంకుపట్టు వల్ల పిల్లని పోగొట్టుకుంటున్నానా? లేక ఎప్పుడూ లేని పిల్ల ఇప్పుడు లేదని తెలిసిందా? ఇలాంటివన్నీ డాక్టరమ్మకి ఎందుకు రాస్తున్నానో కూడా తెలీడం లేదు.

11. నెలాఖరు సోమవారం

పని దిగి వస్తుంటే మైకులో చెప్పారు, అత్తరు గొట్టాలు కడుగుతున్నాం, రేపు పొద్దున దీపాలు పెంచేవరకూ వాసనలు రావు అని. నాకేం, ఎలాగూ లేవు కదా అనుకుంటూ మా సందులోకి తిరిగాను.

రెండడుగులు వేసేసరికి తెలిసొచ్చింది. కాఫీకీ గంధానికీ మధ్య ఏమీ లేని చోటు మా ఇల్లు. ఇన్నాళ్ళూ నా గుర్తు అదే. ఇప్పుడు కాఫీ లేదు, గంధం లేదు. సందంతా ఏమీ లేని చోటే.

మసకలో మనుషులు ఒకరికొకరు తగులుకుంటున్నారు. నారింజోళ్ళాయన ఎవరింట్లోంచో తిట్లు తిని బయటికొస్తున్నాడు. గున్నమ్మ అప్పటికే పిల్లల్ని వదిలేసినట్టుంది. గోడల వెంట ఎక్కడ చూసినా పిల్లల ఏడుపులే. "నీలూ!" అని అరిచాను. నాలాగే ఎంతమందో ఎన్నో పేర్లు అరుస్తున్నారు. ఒక తలుపు తోశాను, లోపల ఎవరో ముసలమ్మ. ఇంకోటి తోశాను, తాళం. వాళ్ళెవరూ నావాళ్ళు కారు, ఆ ఇళ్ళేవీ నావి కావు. నాలుగేళ్ళ పిల్ల ఇందులో ఎక్కడుంది? నా ఇల్లే నాకు దొరకడం లేదు, ఇక దాన్ని ఎలా వెతకను? గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఏడ్చేశాను, సిగ్గెందుకు.

"అమ్మా! ఇటు."

పక్కనే, రెండు తలుపుల అవతల, ఒక తలుపు తెరిచి ఉంది. గడప మీద నీలు నిలబడి ఉంది. చెప్పులు విప్పేసి, ఒక పక్కగా పెట్టింది.

"ఇటమ్మా. మనిల్లు ఇక్కడ."

వెళ్ళి గడప మీదే కూలబడ్డాను. దాన్ని ఒళ్ళోకి లాక్కుంటే గింజుకోలేదు.

"ఎలా వచ్చావే ఇంత చీకట్లో?"

"మనింటి వాసనొచ్చింది."

"ఏం వాసన? డబ్బా లేదు కదా మనకి."

అది విసుక్కుంది. ఇంత పెద్దదానికి ఇంత చిన్న సంగతి తెలీదా అన్నట్టు. "మాడు జావ. నాన్న చొక్కా. నీ గడ్డి" అంది.

"మరి నేను అక్కడున్నానని ఎలా తెలిసింది?"

"వాసనొచ్చావు."

కుచ్చిళ్ళలో మొహం దూర్చింది. గున్నమ్మ ఎప్పుడొచ్చిందో, చేతిలో లాంతరుతో మా ముందు నిలబడుంది. పిల్ల చెప్పుల వైపు చూసింది, తలుపు మీద నంబరు వైపు మొహం ఆనించి మరీ చూసింది. "ఈ గుమ్మమే రాసుకుంటాను" అని వెళ్ళిపోయింది.

12. మంగళవారం

వాసనలు తిరిగొచ్చాయి. సాయంత్రం గుమ్మంలో నిలబడ్డాను.  ఎస్తేరు ఇంటి సంపంగి ఇక్కడి దాకా తెలుస్తూనే ఉంది. నిన్నంటే సందంతా ఖాళీ, ఇవాళ అలా కాదు.

నీలు పరుగెత్తుకొస్తూ ఎస్తేరు గుమ్మం ముందు ఆగింది. ముక్కు పైకెత్తింది. "అత్తా!" అని ఒక కేక వేసి, ఆ తలుపు దాటి వచ్చేసింది. నేను దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పితే "కళ్ళు తిరుగుతున్నాయమ్మా, ఆపు" అని అరిచింది.

కాసేపటికి ఎస్తేరు వచ్చింది, నీలు అక్కడ మరిచిన గ్లాసు ఇవ్వడానికి. లోపలికి రమ్మన్నాను. గడప దగ్గరే నిలబడి నెమ్మదిగా గాలి పీల్చింది. 

"నీలమ్మా" అంది వంగి, "నిన్న మా గుమ్మం దాటే కదా వచ్చావు. మా ఇల్లు ఏటి వాసనేసింది?"

నీలు ఆలోచించింది. నేను దాని నోరు మూసేద్దామనుకున్నాను, ఆలస్యమైపోయింది.

"ఏమీ లేదత్తా."

ఎస్తేరు తలూపింది. కోపం రాలేదు. గ్లాసు నా చేతికిచ్చి, కొంగు సర్దుకుంది.

"పొద్దున డబ్బా ఓసారి కట్టీసి చూశాను వకుళమ్మా. మా అమ్మ మళ్ళీ ఎళ్ళిపోయినట్టనిపించింది. మళ్ళీ పెట్టీసాను." మా గోడ వైపు చూసింది. "ఇల్లు వాసన పట్టాలంటే ఎన్నాళ్ళవుద్ది?"

"తెలీదక్కా. నిజంగా తెలీదు."

"ఒక్క మనిషున్న ఇంటికి పడతాదా?"

 నిన్నటిదాకా ఆవిడ ఇంటి పేరెత్తితేనే నా గుండె జారిపోయేది. నీలు చెప్పులు తెచ్చి దాని కాళ్ళ దగ్గర పెట్టాను.

"అత్తతో వెళ్ళి కాసేపు ఆడుకుని రా" అన్నాను. "అక్కడే అన్నం కూడా తిను. పోపు వెయ్యమను."

వాళ్ళిద్దరూ మసకలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళారు. నేను చీర కుచ్చిళ్ళు పైకి తీసి ముక్కుకి ఆనించి గట్టిగా పీల్చాను. మళ్ళీ పీల్చాను. నాకేమీ తెలియలేదు. ఇవాళ తలపోటు లేదు. తలుపు తీసే ఉంచాను.